రవ్వ పుట్టని పొయ్యి

నిప్పు పుట్టించడం ఒకనాడు ఎంతో ప్రయాసతో కూడిన పని. యజ్ఞశాలలో అరణిని మథించి అగ్నిని వెలికితీసేవారు. శమీవృక్షం తన గర్భంలో అగ్నిని దాచుకొని ఉంటుందని ప్రాచీన కవులు దానిని అగ్నిగర్భగా వర్ణించారు. పల్లెపట్టులలో చెకుముకిరాతిని ఉక్కుముక్కతో కొట్టి, రాలిన రవ్వను దూదిలో పట్టి, నోటితో ఊది మంట చేసేవారు. ఇంత శ్రమ ఉన్నందువల్లనే రాత్రి వంట ముగిసిన తరువాత ఇల్లాలు పొయ్యిలోని కణికలను బూడిదతో కప్పి మరునాటి ఉదయానికి భద్రపరిచేది. ‘నివురు గప్పిన నిప్పు’ అనే జాతీయంలోని నివురు ఆ బూడిదే. ఆ కణికలు కూడా ఆరిపోతే పొరుగింటికి పోయి పిడకమీద నిప్పు తెచ్చుకొనేవారు.

అగ్గిపెట్టె వచ్చి ఈ ప్రయాసను చాలావరకు తగ్గించింది. గ్యాసుపొయ్యి వచ్చి ఊదుగొట్టాన్ని అటకమీదికి చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం ద్వారా, అప్పటిదాకా కట్టెలపొయ్యి తప్ప మరొకటి ఎరుగని ఎందరో పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు లభించాయి. ఇటీవలి కాలంలో అగ్గిపుల్లతోగాని, లైటరుతోగాని పనిలేని పొయ్యిలు అనేక ఇళ్లలో కనిపిస్తున్నాయి. నాబ్‌ను నొక్కి తిప్పితే చాలు, టకటకమనే చప్పుడుతో బర్నర్ అంచున నీలిరంగు రవ్వ మెరుస్తుంది, మంట వెలుగుతుంది. చెకుముకిరాయి చేసిన పనినే ఇక్కడ విద్యుత్తు చేస్తున్నది. అయితే చెకుముకిరాయి పనిచేయకపోతే కారణం చేతిలోనే కనిపించేది. రాయి అరిగిందో, దూది తడిసిందో ఇట్టే తెలిసేది. గ్యాసుపొయ్యిలో రవ్వను పుట్టించే సాధనం పొయ్యి అడుగున ఒక చిన్న పెట్టెలో దాగి ఉంటుంది. అది మొరాయించినప్పుడు ఏమి చేయాలో తోచక నాబ్‌ను పదేపదే తిప్పడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ తొందరపాటులోనే ప్రమాదం పొంచి ఉంది.

సంక్రాంతికి ముందు బూజులు దులిపి, వంటగదిని కడగడం తెలుగువారి ఇళ్లలో ఆనవాయితీ. అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. భోగికి ముందురోజు సాయంత్రం ఆ ఇంటి ఇల్లాలు మూడు బర్నర్ల గ్యాసుపొయ్యిని సబ్బునీటితో కడిగింది. పొంగిన పాలు, ఒలికిన గంజి, వేపుళ్ల నూనెజిడ్డు పేరుకొని నల్లబడిన బర్నర్ మూతలను పీచుతో తోమి, తుడిచి, మళ్లీ అమర్చింది. తెల్లవారుజామున లేచి కాఫీకి నీళ్లు పెట్టబోగా ఎడమవైపు బర్నర్ వెలగలేదు. టకటకమనే చప్పుడు మాత్రం వినిపించింది. కుడివైపు నాబ్ తిప్పితే కొన్ని క్షణాలు ఏమీ జరగలేదు. ఆపైన ఒక్కసారిగా భగ్గుమని మంట లేచి అంతలోనే సర్దుకొన్నది. నడుమనున్న చిన్న బర్నర్ మాత్రం ఎప్పటివలెనే వెలిగింది.

“పొయ్యి పాడైపోయిందిరా, మెకానిక్కును పిలవాలి” అని ఆమె కొడుకుతో అనడం సహజం. పండుగపూట మెకానిక్కు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలిసినదే. నిజానికి ఆ పొయ్యిలో చెడిపోయిన భాగం ఏదీ ఉండకపోవచ్చు. మూడు బర్నర్లు మూడు విధాలుగా ప్రవర్తించడమే అసలు సంగతిని బయటపెడుతున్నది. దానిని గ్రహించాలంటే రవ్వ ఎలా పుడుతుందో తెలియాలి. అంతకంటె ముందుగా గ్యాసు స్వభావం తెలియాలి.

సిలిండర్‌లో వచ్చే వంటగ్యాసు ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువుల మిశ్రమం. ఒత్తిడి వల్ల అది సిలిండర్‌లో ద్రవరూపంలో ఉంటుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే దాదాపు 250 లీటర్ల వాయువుగా వ్యాకోచిస్తుంది. ఈ వాయువుకు స్వతహాగా వాసన లేదు. లీకైనప్పుడు మనుషులు పసిగట్టాలనే ఉద్దేశంతో ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే దుర్వాసన గల పదార్థాన్ని అందులో కలుపుతారు. వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. అందువల్ల అది పొగవలె పైకి పోదు. గట్టుమీదినుండి జారి నేలబారున పరచుకొంటుంది. మూలలలోను, సిలిండర్ పెట్టే గూటిలోను నిలుస్తుంది. గదిలోని గాలిలో ఈ వాయువు నూటికి సుమారు రెండు పాళ్ల నుండి తొమ్మిది పాళ్ల వరకు ఉన్నప్పుడు చిన్న రవ్వ తగిలినా అంటుకొంటుంది.

ఇప్పుడు నాబ్‌ను పదేపదే తిప్పే చేతిని ఒకసారి పరిశీలించాలి. తిప్పిన ప్రతిసారీ గ్యాసు వస్తూనే ఉన్నది. రవ్వ మాత్రం రావడం లేదు. పదోసారి రవ్వ వచ్చిందనుకొంటే అది అంటించేది బర్నర్ అంచున ఉన్న గ్యాసును మాత్రమే కాదు, అప్పటిదాకా పొయ్యి చుట్టూ పోగుపడిన గ్యాసును కూడా. ముఖమూ, చేతులూ కాలే ప్రమాదాలు ఈ విధంగానే జరుగుతాయి. కాబట్టి నాలుగైదు సెకన్లలో మంట వెలగకపోతే నాబ్‌ను కట్టివేసి, కిటికీ తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. పొయ్యి దగ్గర పాటించవలసిన నియమాలలో దీనికంటె ముఖ్యమైనది లేదు.

ఈ సందర్భంలో తెలుగు మాటల పొందికను గమనించవచ్చు. దీపాన్ని ఆర్పుతాము; నీటి కుళాయిని కడతాము. గ్యాసుపొయ్యి విషయంలో “స్టవ్ ఆర్పు” అనేవారూ ఉన్నారు, “స్టవ్ కట్టెయ్యి” అనేవారూ ఉన్నారు. కట్టెలపొయ్యికి ఆర్పడం సరిపోతుంది. గ్యాసుపొయ్యిలో మంటా ఉన్నది, ప్రవాహమూ ఉన్నది. గాలికో, పొంగిన పాలకో మంట ఆరిపోయినా ప్రవాహం ఆగదు. కనుక ఈ పొయ్యికి తగిన క్రియ కట్టడమే. ఎవరూ నేర్పకుండానే వాడుకభాష ఈ తేడాను పట్టుకొన్నది.

గదిలో అడుగుపెట్టగానే గ్యాసు వాసన గాఢంగా వచ్చినట్లయితే పొయ్యి మరమ్మతు మాట పక్కన పెట్టాలి. నాబ్ నొక్కకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు, లైటుగాని ఫ్యానుగాని వేయకూడదు. వెలుగుతున్న లైటును ఆర్పకూడదు కూడా; స్విచ్చిని వేసినా తీసినా లోపల రవ్వ పుట్టవచ్చు. సిలిండర్‌పైనున్న రెగ్యులేటరును కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, అందరూ బయటకు వచ్చిన తరువాత ఫోను చేయాలి. మన దేశంలో గ్యాసు లీకేజీ వంటి అత్యవసర పరిస్థితుల కోసం 1906 అనే నంబరు ఉన్నది.

ఇక రవ్వ సంగతి. వంటింట్లో వాడే లైటరులో సెల్లు ఉండదు. దానిని నొక్కినప్పుడు లోపల స్ప్రింగుతో బిగించిన చిన్న సుత్తి ఒక స్ఫటికపు ముక్కను బలంగా కొడుతుంది. కొన్ని స్ఫటికాలను నొక్కినప్పుడు వాటి ముఖాలపై విద్యుదావేశం ఏర్పడుతుందని 1880లో ఫ్రాన్సు దేశానికి చెందిన జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే సోదరులు కనుగొన్నారు. రేడియం పరిశోధనతో ప్రసిద్ధుడైన పియరీ క్యూరీ యౌవనంలో చేసిన పని ఇది. దీనినే పీజో విద్యుత్తు అంటారు. కొన్ని పొయ్యిలలో నాబ్ కిందనే ఇటువంటి స్ఫటికం ఉంటుంది. అటువంటి పొయ్యి నాబ్ తిప్పినప్పుడు ‘టక్కు’మని ఒక్కసారే చప్పుడవుతుంది, రవ్వ కూడా ఒక్కటే వస్తుంది.

నాబ్ నొక్కినంతసేపు టకటకమని వరుసగా రవ్వలు వచ్చే పొయ్యి వేరు. అందులో పనిచేసేది ఎలక్ట్రానిక్ సాధనం. దానికి శక్తి గోడ గడియారంలోనో, టార్చిలైటులోనో వేసే 1.5 వోల్టుల సెల్లు నుండి వస్తుంది. గట్టులో బిగించిన కొన్ని పొయ్యిలలో ఇంటి కరెంటు నుండి వస్తుంది. నాబ్‌ను నొక్కగానే దాని వెనుకనున్న చిన్న స్విచ్చి కలుస్తుంది. పొయ్యి అడుగున ఉన్న పెట్టెలోని కెపాసిటర్ విద్యుత్తును కొద్దికొద్దిగా కూడబెట్టి ఒక్కసారిగా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వదులుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని వేల వోల్టులకు పెంచుతుంది. దళసరి తొడుగు గల తీగగుండా అది బర్నర్ పక్కనున్న సన్నని లోహపు కడ్డీకి చేరుతుంది. ఆ కడ్డీని ఎలక్ట్రోడ్ అంటారు. దాని చుట్టూ తెల్లని పింగాణీ గొట్టం ఉంటుంది. కడ్డీ కొనకూ, బర్నర్ లోహానికీ మధ్య మూడు నుండి ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. పొడిగాలి మంచి విద్యుద్బంధకం. ఒక మిల్లీమీటరు గాలిని ఛేదించడానికి సుమారు 3000 వోల్టులు కావాలి. అంతటి వోల్టేజి వచ్చినప్పుడు గాలి లొంగిపోతుంది, విద్యుత్తు దూకుతుంది. ఆ దూకుడే కంటికి రవ్వగాను, చెవికి టకటకగాను తెలుస్తుంది. దూకిన విద్యుత్తు బర్నర్ లోహంగుండా పొయ్యి చట్రానికి చేరి తన వలయాన్ని పూర్తిచేసుకొంటుంది.

వేల వోల్టులు అనగానే భయం కలగడం సహజమే. ఈ రవ్వలోని శక్తి అత్యల్పం. అది నిలిచే కాలం కూడా కనురెప్పపాటులో వెయ్యోవంతుకు మించదు. అయినా వేలికి తగిలితే చురుక్కుమంటుంది. ఉలిక్కిపడిన చేయి పక్కనున్న వేడి గిన్నెకు తగలవచ్చు. కాబట్టి ఎలక్ట్రోడ్‌ను ముట్టుకొనే ముందు నాబ్‌లన్నీ కట్టి, రెగ్యులేటరును మూసి, సెల్లును బయటకు తీయాలి. కరెంటు పొయ్యి అయితే ప్లగ్గును తీసివేయాలి. పొయ్యి వేడిగా ఉన్నప్పుడు ఈ పనులేవీ చేయకూడదు.

ఇక భోగినాటి పొయ్యి దగ్గరకు వద్దాము. సాధారణంగా ఇటువంటి పొయ్యిలలో ఏ నాబ్‌ను నొక్కినా అన్ని బర్నర్ల దగ్గరా ఒకేసారి రవ్వలు వస్తాయి. నడుమ బర్నర్ వెలిగిందంటే సెల్లులో సత్తువ ఉన్నదనీ, రవ్వను పుట్టించే పెట్టె పనిచేస్తున్నదనీ అర్థం. ఇంటికి వచ్చిన మెకానిక్కు మొదటగా మార్చమని చెప్పేది తరచుగా ఆ పెట్టెనే. ఒక్క బర్నర్ సక్రమంగా వెలుగుతున్నప్పుడు దానిని అనుమానించవలసిన అవసరం చాలా తక్కువ.

ఎడమ బర్నర్‌లో లోపం గ్యాసుదా, రవ్వదా అన్నది తేల్చుకోవడానికి అగ్గిపుల్లను మించిన పరీక్ష లేదు. వాసన ఏమాత్రం లేదని నిర్ధారించుకొన్న తరువాత ముందుగా పుల్ల వెలిగించి బర్నర్ అంచున పెట్టాలి. ఆ తరువాతనే నాబ్ తిప్పాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు. మంట చుట్టూ సమంగా, నీలిరంగులో వెలిగితే గ్యాసు సరిగానే వస్తున్నది, లోపం రవ్వలో ఉన్నది. పుల్లతో కూడా వెలగకపోతే సిలిండర్ ఖాళీ కావడమో, రెగ్యులేటరు తెరవకపోవడమో, జెట్టులో మురికి అడ్డుపడడమో కారణం. అప్పుడు ఎలక్ట్రోడ్‌ను ఎంత తుడిచినా ప్రయోజనం లేదు. ఆ ఇంట్లో పుల్ల పెట్టగానే ఎడమ బర్నర్ చక్కగా వెలిగింది. అంటే లోపం రవ్వదే.

దానిని తిరిగి కట్టి, సిలిండర్ రెగ్యులేటరును కూడా మూసి, వాసన లేదని చూసుకొని, గదిలో లైటు తీసి నాబ్‌ను నొక్కితే ఆ చీకటిలో అసలు సంగతి బయటపడుతుంది. పగటి వెలుతురులో కనిపించని రవ్వ చీకటిలో స్పష్టంగా కనిపిస్తుంది. అది కడ్డీ కొననుండి బర్నర్ అంచుకు దూకుతున్నదా? లేక కింద పింగాణీ మొదట్లో ఎక్కడో మిణుకుమిణుకుమంటున్నదా? ఆ ఇంట్లో కనిపించినది రెండవదే. విద్యుత్తు తక్కువ నిరోధం గల మార్గాన్ని ఎన్నుకొంటుంది. కడ్డీ కొన దగ్గర నాలుగు మిల్లీమీటర్ల పొడిగాలిని ఛేదించడం కంటె తడిసిన పింగాణీ పైపొరమీదుగా చట్రంలోకి జారుకోవడం దానికి సులభం. ముందురోజు సాయంత్రం కడిగిన నీరు పింగాణీ గొట్టం మొదట్లో నిలిచి ఉన్నది. సంక్రాంతినాటి చలిలో, మంచులో అది రాత్రికి రాత్రి ఆరలేదు. చప్పుడు వినిపించడానికీ, మంట వెలగకపోవడానికీ కారణం ఇదే.

దీనికి చికిత్స ఆరబెట్టడమే. పొడిగుడ్డతో కడ్డీని, పింగాణీని తుడిచి, బర్నర్ మూతలను ఎండలో పెట్టి, పొయ్యిని రెండు మూడు గంటలు గాలికి వదిలితే సరిపోతుంది. జుట్టు ఆరబెట్టుకొనే డ్రయ్యరు ఉంటే, రెగ్యులేటరు కట్టి ఉన్నదనీ, గ్యాసు వాసన లేదనీ చూసుకొని, దూరంనుండి గోరువెచ్చని గాలి తగిలేటట్లు పట్టవచ్చు. త్వరగా ఆరాలని పక్క బర్నర్‌ను పెద్దమంటమీద పెట్టడం మంచిది కాదు. వర్షాకాలంలో కడగకపోయినా ఈ ఇబ్బంది తలెత్తవచ్చు. గాలిలోని చెమ్మ చాలు.

నీటికంటె మొండిది మసి. పొంగిన పాలు, నూనె కాలి నల్లని పొరగా మారినప్పుడు అందులో కర్బనం ఉంటుంది. కర్బనం విద్యుద్వాహకం. పింగాణీమీద అది గీతవలె పరచుకొంటే తడి ఆరిన తరువాత కూడా విద్యుత్తు ఆ గీతవెంటనే జారిపోతుంది. పాత పళ్లకుంచెతోగాని, మెత్తని గరుకుకాగితంతోగాని కడ్డీ కొనను, పింగాణీని నెమ్మదిగా రుద్ది మసి తీయాలి. పింగాణీ పెళుసైనది. బలంగా వంచితే పగులుతుంది. పగిలితే వెంట్రుకవంటి చీలికగుండా కూడా రవ్వ పక్కదారి పడుతుంది. చీలిక కనిపించిన ఎలక్ట్రోడ్‌ను అతికించడానికి ప్రయత్నించకూడదు, కొత్తది వేయించుకోవాలి. పొయ్యి మొత్తంలో తక్కువ ఖరీదు చేసే భాగాలలో అది ఒకటి. కిందివైపు తీగ ఊడిపోవడం, ఎలుక కొరకడం వంటివి కూడా జరుగుతాయి. ఆ తీగకు మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే వేల వోల్టులను ఆపలేదు, తీగను మార్చవలసిందే.

కుడి బర్నర్ కథ వేరు. అక్కడ రవ్వ వస్తున్నది, గ్యాసూ వస్తున్నది. రెండూ కలుసుకోవడంలో ఆలస్యం జరుగుతున్నది. బర్నర్ మూత అడుగున ఒక గాడి, దానికి ఎదురుగా ఒక బొడిపె ఉంటాయి. తోమి పెట్టేటప్పుడు అవి సరిగా కూర్చోకపోతే మూత ఒకవైపు ఎత్తుగా నిలుస్తుంది. అప్పుడు ఎలక్ట్రోడ్ ఎదుట ఉండవలసిన రంధ్రాలు పక్కకు తిరుగుతాయి. గ్యాసు మరొకవైపునుండి పోతుంది. అది కొంత పోగై రవ్వను చేరుకొన్న తరువాతనే అంటుకొంటుంది. భగ్గుమన్న ఆ చప్పుడు ఆలస్యానికి చిహ్నం. దీనిని చిన్న విషయంగా తీసివేయకూడదు; చీరకొంగులు, చొక్కా చేతులు అంటుకొనేది ఇటువంటప్పుడే. మూత ఏటవాలుగా ఉన్నప్పుడు బర్నర్‌కూ చట్రానికీ లోహస్పర్శ సరిగా లేక రవ్వ కూడా బలహీనపడుతుంది. ఎలక్ట్రోడ్ దగ్గరి రెండు మూడు రంధ్రాలలో గంజి గడ్డకట్టినా ఇదే పరిస్థితి. సూదితోగాని, పుల్లతోగాని ఆ రంధ్రాలను శుభ్రం చేయవచ్చు. కాని బర్నర్ కిందనున్న జెట్టు జోలికి మాత్రం సూదిని పోనీయకూడదు. గ్యాసు ఎంత రావాలో నిర్ణయించేది జెట్టులోని సన్నని రంధ్రం. అది వెంట్రుకవాసి పెద్దదైనా ఎక్కువ గ్యాసు వచ్చి, గాలి చాలక, మంట పసుపురంగుకు తిరిగి గిన్నెలకు మసి పడుతుంది. నగరాలలో గొట్టాలద్వారా సరఫరా అవుతున్న సహజవాయువుకు జెట్టు కొలత వేరు. కాబట్టి సిలిండర్ పొయ్యిని ఆ గొట్టానికి తగిలించే ముందు అర్హత గల మెకానిక్కుచేత జెట్టులు మార్పించాలి. సహజవాయువు గాలికంటె తేలికైనది, పైకి పోతుంది. రవ్వ పుట్టే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ ఇంట్లో కనిపించని లోపాలు మరికొన్ని ఉన్నాయి. ఏ నాబ్ నొక్కినా చప్పుడే లేకపోతే ముందుగా చూడవలసినది సెల్లును. చప్పుడు రోజురోజుకూ నెమ్మదించి, టక… టక… అని సాగదీస్తూ వచ్చి ఆగిపోయిందంటే సెల్లు అయిపోయిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. కొత్త సెల్లు వేసినా పలకకపోతే దానిని తలకిందులుగా పెట్టారేమో చూడాలి. సెల్లు పెట్టే అరలో లోహపు రేకులకు తెల్లగానో, పచ్చగానో చిలుము పట్టి ఉంటే గరుకుకాగితంతో గీకాలి. పాత సెల్లు స్రవించిన ద్రవం వల్ల ఆ చిలుము ఏర్పడుతుంది. వేళ్లకు అంటితే కడుక్కోవాలి. ఊరికి వెళ్లేటప్పుడు సెల్లును తీసి పెట్టడం మేలు. కరెంటుతో నడిచే పొయ్యి అయితే ప్లగ్గు, ఫ్యూజు చూడాలి. కరెంటు పోయినప్పుడు అటువంటి పొయ్యిని మెకానిక్కుకు చూపించిన సందర్భాలు లేకపోలేదు! ఇవన్నీ సవ్యంగా ఉండి కూడా రవ్వ లేకపోతేనే అడుగున ఉన్న పెట్టెను అనుమానించాలి. దానిని ఇంట్లో విప్పి బాగుచేయడం కుదరదు; మార్పించడమే మార్గం.

నాబ్ వదిలినా టకటక ఆగకపోవడం దీనికి విరుద్ధమైన లోపం. ఎవరూ ముట్టుకోని పొయ్యి అర్ధరాత్రి టకటకలాడితే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతారు. నాబ్ వెనుకనున్న స్విచ్చిలోకి నీరు దిగడమో, జిడ్డువల్ల నాబ్ లోపలికి నొక్కుకొని ఉండిపోవడమో ఇందుకు కారణం. సెల్లు తీసివేసి, నాబ్‌లను ఊడదీసి తుడిచి, స్విచ్చి ఆరేదాకా ఆగాలి. ఒకటి రెండు రోజులు గడిచినా చప్పుడు ఆగకపోతే స్విచ్చి మార్పించాలి. పొయ్యిమీద నీటిని కుమ్మరించి కడిగే ఇళ్లలో ఇది తరచుగా వస్తుంది. పొయ్యికి తడిగుడ్డ చాలు. మూతలను మాత్రం విడిగా తీసి కడుక్కోవచ్చు.

రవ్వ వచ్చి, మంట వెలిగి, నాబ్ వదలగానే ఆరిపోయే పొయ్యిలు కూడా ఉన్నాయి. దీనిని రవ్వలోపంగా పొరబడేవారు ఎక్కువ. కొన్ని పొయ్యిలలో బర్నర్ పక్కన ఎలక్ట్రోడ్‌తో పాటు మరొక చిన్న కడ్డీ ఉంటుంది; దాని చుట్టూ పింగాణీ ఉండదు. అది ఉష్ణయుగ్మం. రెండు భిన్నలోహాలను కలిపిన చోట వేడి తగిలితే విద్యుత్తు పుడుతుందన్న సూత్రంపై అది పనిచేస్తుంది. మంట వేడికి దానిలో పుట్టే కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తు ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాసు ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కడ్డీ చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, గ్యాసు దానంతట అదే ఆగిపోతుంది. పాలు పొంగి మంట ఆరినా ఇల్లు గ్యాసుతో నిండకుండా కాపాడేది ఆ కడ్డీయే. అది వేడెక్కడానికి కొంత వ్యవధి కావాలి కనుక వెలిగించిన తరువాత నాబ్‌ను ఐదు నుండి పది సెకన్లపాటు నొక్కి ఉంచాలి. అప్పటికీ ఆరిపోతే కడ్డీ కొనకు పట్టిన మసిని తుడవాలి, అది మంటకు తగిలేటట్లు ఉన్నదో లేదో చూడాలి. విసుగుతో ఆ కడ్డీని పనిచేయకుండా చేయించుకొనేవారు కూడా ఉన్నారు. అది ఇంటికి కాపలాను తామే తీసివేయడం.

భోగినాటి ఇంట్లో కుడి బర్నర్ మూతను తీసి, గాడిని బొడిపెకు సరిచూసి కూర్చోబెట్టగానే మొదటి రవ్వకే మంట అందుకొన్నది. ఎడమ బర్నర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. వాకిట్లో భోగిమంటలు చల్లారి, ఎండ వంటింటి కిటికీలోంచి గట్టుమీదికి వచ్చేసరికి పింగాణీ గొట్టం ఆరిపోయింది. పదిగంటల వేళ ఇల్లాలు నాబ్‌ను నొక్కితే రవ్వ కడ్డీ కొననుండి బర్నర్ అంచుకు దూకింది.